టీచరు ఇల్లు, బడిలో వడ్రంగం: రెండూ కలిసి నడిచిన చరిత్ర

పల్లె బడికి టీచరు పోస్టు మంజూరు కావడం ఒక ఎత్తు, వచ్చిన మనిషి అక్కడ నిలబడడం మరో ఎత్తు. ఉండడానికి ఇల్లు దొరకని చోట టీచరు మనసు సాయంత్రం బస్సు మీదే ఉంటుంది. బడి ఆవరణలోనే టీచర్లకు ఇళ్లు కట్టాలి, వాటి తలుపులూ కిటికీలూ చేసే పనిలోనే పెద్ద తరగతుల పిల్లలకు వడ్రంగం నేర్పాలి అనే ప్రతిపాదన ఎప్పుడు వచ్చినా కొత్తగానే వినిపిస్తుంది. నిజానికి దాని వెనక వందేళ్లకు పైబడిన అనుభవం ఉంది. అందులో మంచీ ఉంది, చేదూ ఉంది.

ముందు ఇంటి సంగతి. స్కాట్లండ్‌లో 1803లో వచ్చిన చట్టం పల్లె పంతులికి ఇల్లు కట్టించే బాధ్యతను స్థానిక భూస్వాముల మీద పెట్టింది. వంటగదితో కలిపి రెండు గదులకు మించి కట్టనక్కర్లేదని కూడా అందులోనే రాశారు. ఆ రెండు గదులకే ‘పంతుళ్లకు రాజభవనాలా’ అని సణిగిన వాళ్లున్నారు. 19వ శతాబ్దపు అమెరికా పల్లెల్లో చాలాచోట్ల అదీ లేదు. టీచరు ఒక విద్యార్థి ఇంట్లో కొన్నాళ్లు, మరొకరి ఇంట్లో కొన్నాళ్లు వంతులవారీగా గడిపేవారు. తలుపు వేసుకుని రేపటి పాఠం చూసుకోవడానికి తనదంటూ ఒక గది ఉండేది కాదు. ఇల్లు బోధనకు కావలసిన వసతి అన్న దృష్టి ఎక్కడా అంత తేలిగ్గా రాలేదు.

వడ్రంగం బడిలోకి వచ్చింది వేరే దారిలో. విద్యావేత్త ఊనో సిగ్నేయస్ కృషితో ఫిన్లండ్ 1866లో పల్లె బడుల్లో మగపిల్లలకు చేతిపనిని తప్పనిసరి చేసింది. స్వీడన్‌లోని నాస్‌లో ఒట్టో సాలొమన్ దాన్ని ఒక క్రమంలో పెట్టి, దేశదేశాల టీచర్లకు నేర్పాడు. కత్తితో చిన్న పుల్ల చెక్కడంతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా కష్టమైన వస్తువులకు వెళ్లడం ఆ పద్ధతి. చేసే ప్రతిదీ ఇంట్లో వాడుకునేదై ఉండాలన్నది అందులో గట్టి నియమం. పిల్లలను వడ్రంగులను చేయడం వాళ్ల ఉద్దేశం కాదు. చూపు, చెయ్యి, ఓపిక కుదరాలని వాళ్లు కోరుకున్నారు.

ఈ రెండు పాయలూ కలిసింది అమెరికా దక్షిణాది నల్లజాతి బడుల్లో. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ 1881లో మొదలుపెట్టిన టస్కెగీ విద్యాలయం భవనాలు చాలావరకు విద్యార్థుల చేతుల మీదుగానే లేచాయి. చదువుకోవడానికి పంపితే పని చేయిస్తారా అంటూ తల్లిదండ్రుల నుంచి ఉత్తరాలు వచ్చేవని ఆయనే రాసుకున్నాడు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. బానిసత్వం పోయి అప్పటికి ఎన్నేళ్లో కాలేదు. ఆ తర్వాత దాత జూలియస్ రోజన్‌వాల్డ్ ఇచ్చిన డబ్బుతో 1912లో టస్కెగీ చుట్టుపక్కల చిన్న బడుల నిర్మాణం మొదలైంది. ఊరివాళ్లు కూడా తమ వంతు డబ్బో, కలపో, శ్రమో ఇవ్వాలన్నది షరతు. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 4,977 బడులతో పాటు 217 టీచర్ల ఇళ్లు, 163 వృత్తివిద్యా షెడ్లు లేచాయి. బడి, టీచరు ఇల్లు, పనిశాల మూడూ ఒకే ప్రణాళికలో ఇమడడం ఇక్కడి విశేషం. అయితే, తెల్లవాళ్ల బడులకు దక్కే ప్రభుత్వ సొమ్ములో న్యాయమైన వాటా అందక ఆ కుటుంబాలు పన్నులు కట్టి మళ్లీ తమ జేబులోంచి ఇచ్చాయి. దీన్ని ప్రజల భాగస్వామ్యం అని పొగిడేటప్పుడు ఆ మాట కూడా చెప్పి తీరాలి.

మన దగ్గర గాంధీజీ ఆధ్వర్యంలో జరిగిన 1937 వార్ధా విద్యా సమావేశం తర్వాత జాకిర్ హుసేన్ కమిటీ సూచించిన వృత్తుల్లో నూలు, నేత, వ్యవసాయంతో పాటు వడ్రంగం కూడా ఉంది. బోట్స్వానాలోని సెరోవేలో విద్యావేత్త పాట్రిక్ వాన్ రెన్స్‌బర్గ్ 1963లో పెట్టిన స్వానెంగ్ హిల్ స్కూల్లో పిల్లలే గదులు కట్టారు. హైస్కూల్లో సీటు దొరకని పిల్లల కోసం 1965లో నిర్మాణ శిక్షణ దళం వచ్చింది. శిక్షణ ఖర్చును వాళ్లు చేసే పనే కొంత రాబట్టేది. సరిగ్గా అదే ఏడాది విద్యా పరిశోధకుడు ఫిలిప్ ఫాస్టర్ ఘనాను పరిశీలించి గట్టి విమర్శ చేశాడు: గుమాస్తా ఉద్యోగానికే జీతమూ గౌరవమూ ఉన్నంతకాలం బడిలో వృత్తివిద్య పెట్టినంత మాత్రాన పిల్లల ఆశలు మారవని. ఆ మాటకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు.

నా మటుకు నాకు ఇందులో తేలే విషయం ఒకటే. మార్కుల కోసం రెండు చెక్కల్ని అతికించి, పరీక్షయ్యాక మూలన పడేసే వడ్రంగం ఎక్కడా నిలవలేదు. టీచరు ఇంటికి చేసిన తలుపు అలా కాదు. ఆరని కలప వాడితే నెలల్లోనే కుంచించుకుపోయి సందులు పడుతుంది. ద్వారబంధం నిట్టనిలువుగా నిలబడకపోతే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో మాస్టారు వేలెత్తి చూపనక్కర్లేదు. గాడి ఎందుకు అంత కచ్చితంగా తీయాలో, చిత్రిక ఎందుకు రెండోసారి పట్టాలో ఆ తలుపే చెబుతుంది. పునాది, గోడ, పైకప్పు పెద్దవాళ్లకే వదిలేయాలి. నిచ్చెనలెక్కి చేసే పని పిల్లలది కాదు. నేర్పే వడ్రంగికి టీచరుతో సమానంగా గౌరవమూ, సమయానికి జీతమూ ఉండాలి. పిల్లల శ్రమను బడ్జెట్లో మిగులుగా లెక్కేసిన రోజున అది చదువు కాకుండా పోతుంది.

2020 జాతీయ విద్యా విధానంలో ఈ రెండు ముక్కలూ ఉన్నాయి. 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని నాలుగో అధ్యాయం చెబుతుంది. పల్లెల్లో పనిచేసే టీచర్లకు బడి ఆవరణలోనో దగ్గర్లోనో ఇల్లు ఇవ్వాలని, లేదా ఇంటి అద్దె భత్యం పెంచాలని ఐదో అధ్యాయం అంటుంది. ఆ రెండింటినీ కలిపే వాక్యం మాత్రం అందులో లేదు. టీచర్ల ఇళ్లకు అంచనాలు వేసేటప్పుడు తలుపులు, కిటికీలు, అల్మరాల పనిని విడిగా తీసి, కలప, పనిముట్లు, వడ్రంగి జీతంతో సహా బడికే అప్పగిస్తే ఆ వాక్యం ఆచరణలో మొదలవుతుంది.