డ్యాం అడుగున దాగిన ఎరువు

ఎండాకాలం నల్లా నీళ్లు మట్టి వాసన కొడితే పైపులను తిట్టుకుంటాం. చాలాసార్లు ఆ వాసన డ్యాంలో పెరిగిన నాచుది. నీలి ఆకుపచ్చ నాచు అని మనం పిలిచేది నిజానికి ఒక రకం బ్యాక్టీరియా. అందులో కొన్ని జాతులు వదిలే జియోస్మిన్, లీటరు నీళ్లలో గ్రాములో పది కోట్లవ వంతు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. దానివల్ల హాని లేదు. కానీ అలాంటి నాచే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని కూడా తయారుచేయగలదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు “కాచి తాగండి, ఏమీ కాదు” అంటారు. కలరాకి, టైఫాయిడ్‌కి అది మంచి మాటే. మైక్రోసిస్టిన్ మాత్రం మరిగించినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో దాదాపు 4 లక్షల మందిని నల్లా నీళ్లు తాగొద్దన్నారు, కాచినా వద్దన్నారు.

ఇంతకీ నాచుకు తిండి ఏది? 1973లో కెనడాలో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం ఒక సరస్సును తెర కట్టి రెండుగా విడదీసింది. ఒకవైపు కార్బన్, నత్రజని వేశారు. రెండోవైపు వాటికి తోడు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడ్డ సగమే పచ్చటి నాచుతో నిండిపోయింది.

50 కిలోల డీఏపీ ఎరువు సంచిలో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. లీటరుకు 0.03 మిల్లీగ్రాములుంటే చాలు, నాచు జోరందుకుంటుంది. ఆ లెక్కన ఒక్క సంచి 33 కోట్ల లీటర్లకు సరిపోతుంది. పొలంలో చల్లినదంతా నదిలోకి రాదు, చాలావరకు మట్టికి అతుక్కుంటుంది. పెద్ద వాన ఆ మట్టినే కోసుకుపోతే భాస్వరమూ వెంట పోతుంది. నాందేడ్‌కు తాగునీరిచ్చే విష్ణుపురి డ్యాంకు గోదావరి ఇలా చెరకు పొలాలు, ఊళ్ల మురుగు దాటుకునే వస్తుంది. అక్కడ దాటిన నీరు బాబ్లీ బ్యారేజీ మీదుగా మన శ్రీరాంసాగర్‌కే చేరుతుంది.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది పూడిక. మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అడుగున అది అయిపోగానే, పూడికలో ఇనుముకు అంటుకుని ఉన్న పాత భాస్వరం విడిపోయి పైకి వస్తుంది. అంటే ఈ ఏడాది ఒక్క చుక్క మురుగు కలవకపోయినా నాచు పుట్టొచ్చు. నాచును అణచాలని ఫిల్టర్ బెడ్ల దగ్గర క్లోరిన్ పెంచితే, అది సేంద్రియ పదార్థంతో కలిసి ట్రైహలోమీథేన్లు అనే వేరే చెడు పదార్థాలను పుట్టిస్తుంది.

అందుకే పైఊళ్ల మురుగు శుద్ధి ప్లాంట్లలో బీఓడీ (మురుగును కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్ లెక్క) ఎంత తగ్గిందన్నదొక్కటే చూస్తే చాలదు. భాస్వరం ఎంత తీశారో కూడా అడగాలి. పటికతోనో ఇనుప లవణాలతోనో దాన్ని అడుక్కి దింపి తీసేసే పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది.