నీకయ విశ్వాస ప్రమాణం వెనక 56 ఏళ్ల వివాదం

ప్రభువు బల్ల ఉన్న ఆదివారం సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) గుళ్లలో ప్రసంగం అయ్యాక అందరూ లేచి నిలబడి నీకయ విశ్వాస ప్రమాణం, అంటే సంఘం ఏం నమ్ముతుందో క్లుప్తంగా చెప్పే పాఠం, చెబుతారు. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చాలాచోట్ల ఇది వినబడదు. బైబిలు చేతిలో ఉండగా మనుషులు కూర్చిన ప్రమాణం దేనికన్నది వారి ప్రశ్న. బయటివాళ్లు తరచు అనే మాట ఇంకొకటి ఉంది: యేసు దేవుడన్న సంగతి 325లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఓట్లు వేయించి తేల్చాడని. ఈ రెండింటికీ జవాబు కావాలంటే ఆ ప్రమాణం ఎందుకు పుట్టిందో, ఎంత ఆలస్యంగా నిలబడిందో తెలియాలి.

వివాదం మొదలైంది రాజు కొలువులో కాదు. 318 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో, ఒక బిషప్పుకూ ఆయన కింద ఉన్న ఒక పెద్దకూ మధ్య మొదలైంది. బిషప్పు పేరు అలెగ్జాండర్. పెద్ద పేరు ఆరియస్, బౌకలిస్ అనే గుడిలో బోధకుడు. ఆరియస్ వాదం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. దేవుడు ఒక్కడే, ఆయనకు ఆది లేదు. కుమారుడు తండ్రివల్ల కలిగినవాడు. కలిగినవాడికి ఆది ఉండి తీరాలి. కాబట్టి 'ఆయన లేనప్పుడు ఒకటి ఉండింది' అన్నాడు. 'కాలం' అనే మాట మాత్రం వాడలేదు, ఎందుకంటే కుమారుడు కాలాలన్నిటికన్నా ముందే కలిగాడని ఆయన కూడా ఒప్పుకున్నాడు. యేసు అందరికన్నా గొప్పవాడే, లోకాన్ని చేసినవాడే, కానీ ఆయన కూడా చేయబడినవాడే అన్నది ఆయన బోధ సారం. సామెతలు 8:22లో జ్ఞానం పలికే 'యెహోవా నన్ను కలుగజేసెను' అన్న మాట, కొలొస్సయులకు 1:15లో 'సర్వసృష్టికి ఆదిసంభూతుడు' అన్న మాట, యోహాను 14:28లో 'తండ్రి నాకంటె గొప్పవాడు' అన్న మాట ఆయన చేతిలో ఉన్న వచనాలు. ఈ రోజు యెహోవా సాక్షులు తలుపు తట్టినప్పుడు తీసి చూపేవీ దాదాపు ఇవే.

సంఘం దీన్ని మాటల తేడా అని ఎందుకు వదిలేయలేదు? అలెగ్జాండర్ దగ్గర డీకనుగా ఉండి 328లో ఆయన తర్వాత బిషప్పు అయిన అతనాసియస్ ఎత్తిచూపినవి ఇవి. సంఘం మత్తయి 28:19 ప్రకారం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలోకి బాప్తిస్మం ఇస్తోంది. కుమారుడు సృష్టి అయితే సృష్టికర్త పేరు పక్కన సృష్టి పేరు చేర్చి బాప్తిస్మం ఇచ్చినట్టవుతుంది. సంఘం యేసుకు ప్రార్థన చేస్తోంది. ఆయన సృష్టి అయితే అది విగ్రహారాధనతో సమానం. అన్నిటికన్నా బరువైనది రక్షణ. చావుకు లోబడిన మనిషిని మళ్లీ దేవునితో కలపడం మరో సృష్టివల్ల అయ్యే పని కాదు, ఎంత పెద్ద దేవదూతవల్లా కాదు. సిలువ మీద ఉన్నది దేవుడు కాకపోతే, దేవుడు మనల్ని రక్షించాడని అనలేం. ఆయన ఎవరినో పంపించి తాను దూరంగా ఉండిపోయాడని మాత్రమే అనగలం. విశ్వాసికి ఈ సిద్ధాంతం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. ప్రార్థించే పెదవికీ సమాధి దగ్గర నిలబడే గుండెకూ తగిలే ప్రశ్న ఇది.

కాన్‌స్టంటైన్‌కు మాత్రం ఇది చిన్న విషయంగానే కనబడింది. 324లో లిసీనియస్‌ను ఓడించి తూర్పు రాజ్యం చేతికి రాగానే, కొర్డోబా బిషప్పు ఓసియస్ చేత అలెగ్జాండర్‌కూ ఆరియస్‌కూ ఉత్తరం పంపాడు. ఇంత అల్పమైన సంగతికి గొడవ పడవద్దన్నది దాని సారాంశం. ఆయనకు కావలసింది రాజ్యంలో శాంతి. ఉత్తరం పని చేయకపోయేసరికి 325లో నీకయ పట్టణంలో సభ పిలిచాడు. ఇప్పుడది తుర్కియేలోని ఇజ్నిక్. వచ్చినవారు 318 మంది అని సంప్రదాయం. అది అబ్రాహాము వెంట వెళ్లిన పనివారి లెక్క (ఆదికాండము 14:14). సభలో కూర్చున్న కైసరయ బిషప్పు యూసేబియస్ 250 మందికి పైగా అని రాశాడు. దాదాపు అందరూ తూర్పువారే. రోమా బిషప్పు సిల్వెస్టర్ తాను రాక ఇద్దరు పెద్దల్ని పంపాడు.

యేసును ఆరాధించాలా వద్దా అన్నది అక్కడ చర్చకే రాలేదు. ఇదే బితూనియ ప్రాంతానికి అధిపతిగా ఉన్న ప్లీనీ 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడుతున్నారని చెప్పాడు. సభకు రెండు వందల ఏళ్ల ముందు మాట అది. ఆరియస్ కూడా క్రీస్తును ఆరాధించేవాడే. ఏ అర్థంలో దేవుడు అన్నదే ప్రశ్న.

సభ ముందు బైబిలు మాటలతోనే సరిపెట్టాలని చూసిందని అతనాసియస్ రాశాడు. కుమారుడు 'దేవునినుండి' కలిగినవాడు అందామన్నారు. ఆరియస్ పక్షం ఒప్పుకుంది, సమస్తమూ దేవునినుండే కలిగింది కదా అని. 'దేవుని శక్తి' అందామన్నారు. దానికీ సరేనన్నారు, యోవేలు గ్రంథపు గ్రీకు పాఠంలో మిడతల దండునూ దేవుని శక్తి అన్నారు కదా అని. ఏ వచనం తెచ్చినా తమ అర్థంలోకి తిప్పుకుంటున్నారు. అందుకే తిప్పుకోవడానికి వీల్లేని మాట ఒకటి వెతికారు: హోమోఊసియోస్, అంటే తండ్రితో ఏకతత్త్వం గలవాడు. ఆ మాట బైబిల్లో లేదు. బైబిలు మాటలకు ఏ అర్థం చెప్పకూడదో చూపే కంచెగా దాన్ని పెట్టారు. బైబిలు ఉండగా ప్రమాణం దేనికి అన్నవారికి ఇంతకంటే సూటి జవాబు లేదు: ఇద్దరూ ఒకే బైబిలు పట్టుకుని వచ్చారు.

లిబియా ప్రాంతపు బిషప్పులు ఇద్దరు, సెకుందస్, తియోనాస్, సంతకం చేయలేదు. ఆరియస్‌తో పాటు వారినీ దేశం దాటించారు. కానీ సంతకాలు చేసినవారిలో చాలామందికి లోపల గుబులే. ఏకతత్త్వం అనే మాటను 268లో అంతియొకయ సభ ఆ ఊరి బిషప్పు సమోసతా పౌలు విషయంలో తిరస్కరించి ఉంది. తండ్రీ కుమారుడూ వేర్వేరు కారు, ఒకరే రెండు వేషాలు వేశారనే సబెల్లియస్ బోధకు అది దారి తీస్తుందని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

అక్కడినుంచి కథ తిరగబడింది. కాన్‌స్టంటైనే ఆరియస్‌ను వెనక్కి పిలిపించాడు. 335లో అతనాసియస్‌ను దూరాన, ఇప్పటి జర్మనీలో ఉన్న ట్రియర్‌కు వెళ్లగొట్టాడు. 337లో చావుకు ముందు బాప్తిస్మం పుచ్చుకున్నది ఆరియస్‌ను వెనకేసుకొచ్చిన నికొమీదియ యూసేబియస్ చేతే. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ 359లో అరిమినుం, సెలూకియ అనే రెండు చోట్ల సభలు పెట్టించి, ఏకతత్త్వం అనే మాట తీసేసి కుమారుడు తండ్రిని 'పోలినవాడు' అని మాత్రమే ఒప్పించాడు. లోకమంతా మూలిగి, తాను ఆరియస్ పక్షమైపోయానని చూసుకుని ఆశ్చర్యపోయిందని బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ రాసింది ఈ ఘట్టం గురించే. అతనాసియస్ అయిదుసార్లు వెలికి గురై, మొత్తం 17 ఏళ్ల దాకా తన ఊరికి దూరమై, 373లో కన్నుమూశాడు. ప్రమాణం రాజు బలంతో నిలిచిందనేవారు ఈ ఏళ్లను లెక్కలోకి తీసుకోరు. రాజబలం చాలాకాలం అవతలివైపే ఉంది. 380లో అందరూ నీకయ విశ్వాసమే పట్టుకోవాలన్న థియొడోసియస్ చక్రవర్తి శాసనంతోనే అది ఇటు తిరిగింది. ఆ శాసనం బలవంతం చేసిందన్నదీ నిజమే, దాన్ని దాచనక్కర్లేదు.

ఈలోపు సిక్కుముడి విప్పింది కప్పదొకియకు (ఇప్పటి తుర్కియేలో ఒక ప్రాంతం) చెందిన బిషప్పులు బాసిల్, ఆయన తమ్ముడు నిస్సా గ్రెగరీ, స్నేహితుడు నజియాంజస్ గ్రెగరీ. 325 నాటి పాఠంలో ఊసియా, హైపోస్టాసిస్ అనే రెండు గ్రీకు మాటలూ ఒకే అర్థంలో ఉన్నాయి. వీరు వాటిని విడదీశారు. ఊసియా అంటే తత్త్వం, అది ఒక్కటే. హైపోస్టాసిస్ అంటే ఆ తత్త్వం గల వ్యక్తి, వ్యక్తులు ముగ్గురు. దాంతో సబెల్లియస్ భయం తీరింది. పరిశుద్ధాత్మ విషయమూ వీరి కాలంలోనే తేలింది. 325 పాఠం 'పరిశుద్ధాత్మయందును' అన్న దగ్గరే ఆగిపోయి, వెంటనే శాపవాక్యాల్లోకి, అంటే ఆరియస్ మాటలు చెప్పేవారిని వెలివేసే వాక్యాల్లోకి, వెళ్తుంది.

381లో కాన్‌స్టాంటినోపుల్‌లో 150 మంది బిషప్పులు కూడారు. మనం ఈ రోజు గుళ్లో చెప్పేది ఆ సభ పేరు మీద ఉన్న పాఠమే. పరిశుద్ధాత్మ ప్రభువు, జీవమిచ్చువాడు, తండ్రితోను కుమారునితోను ఆరాధన పొందువాడు అన్నవి, ఒకే సంఘం, పాపక్షమాపణకు ఒకే బాప్తిస్మం, మృతుల పునరుత్థానం, 'ఆయన రాజ్యమునకు అంతము లేదు' అన్న మాట, ఇవన్నీ 325 పాఠంలో లేవు. శాపవాక్యాలు ఇందులో లేవు. ఈ పాఠం మనకు మొదట కనబడేది 451 కల్కెదోను సభ దస్తావేజుల్లో, అక్కడ చదివి వినిపించినప్పుడు.

పాత తప్పులు ఇప్పటికీ మన నోటికి వస్తూనే ఉంటాయి. నీరు, మంచు, ఆవిరి అంటూ పిల్లలకు త్రిత్వం (ఒకే దేవుడు, ముగ్గురు వ్యక్తులు అన్నది) చెబితే అది సబెల్లియస్ బోధ: ఒకే నీరు ఒకప్పుడు ఒక రూపంలో ఉంటుంది, మూడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కానీ యొర్దానులో కుమారుడు నీళ్లలో ఉండగా తండ్రి స్వరం వినిపించింది, ఆత్మ దిగివచ్చాడు. 'తండ్రీ, మా కోసం సిలువ మీద ప్రాణం పెట్టినందుకు స్తోత్రం' అని ప్రార్థనలో వచ్చేదీ అదే పొరపాటు. ప్రాణం పెట్టింది కుమారుడు. ప్రార్థన నడిపేవారు తండ్రికి, కుమారుని ద్వారా, పరిశుద్ధాత్మలో అన్న వరస గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది. ఇంకొక అపోహ: బైబిల్లో ఏ పుస్తకాలుండాలో నీకయ సభ నిర్ణయించిందని. నిర్ణయించలేదు. సభ చేసిన 20 నియమాల్లో ఆ ఊసే లేదు. కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక మనకు తెలిసినంతలో మొదట కనబడేది 367లో ఈస్టర్ పండుగకు అతనాసియస్ సంఘాలకు రాసిన ఉత్తరంలో.

ప్రమాణం చెప్పే సంఘాల మధ్య కూడా ఒక తేడా మిగిలింది. పరిశుద్ధాత్మ 'తండ్రినుండి' బయలుదేరుతున్నాడని 381 పాఠం. పశ్చిమ సంఘాలు 'కుమారునినుండియు' అని చేర్చాయి. రోమాలో అది ఆరాధనలోకి 1014లో వచ్చింది. తూర్పు సంఘాలు ఇప్పటికీ ఒప్పుకోవు. మన దగ్గర 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు, అపొస్తలుల ప్రమాణాన్నీ నీకయ ప్రమాణాన్నీ విశ్వాసానికి సాక్ష్యంగా, కాపుదలగా స్వీకరించారు. అందులో చేరిన కాంగ్రిగేషనల్ సంఘాలకు ప్రమాణాలు చెప్పించడం అలవాటు లేదు. అందుకే ప్రతి ఒక్కరూ ప్రతి మాటకూ ఒప్పుకుని తీరాలని అడగడం లేదని, విశ్వాసం మొత్తం అందులోనే ఉందనీ అనడం లేదని ఐక్యతా ఒప్పందంలోనే రాసుకున్నారు.