నల్లరేగడి మీద టర్ఫ్: రోజూ వినే అపోహలు, నేలలో జరిగే వాస్తవాలు

నేను టర్ఫ్, అంటే కార్పెట్‌లా పరిచే ప్లాస్టిక్ గడ్డి, వేసే పని చేస్తాను. బాక్స్ క్రికెట్ గ్రౌండ్లు, ఫంక్షన్ హాళ్ల లాన్లు, స్కూళ్లలో పిల్లలు ఆడుకునే చోట్లు. ఎక్కువగా గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు, అంటే నల్లరేగడి నేలలు. ఫోన్ చేసినవాళ్లు ముందు అడిగేది గడ్డి ఎన్ని ఎంఎం, చదరపు అడుగుకి ఎంత ఖర్చు పడుతుంది అని. అది ఏ నేలో మేం అడిగేదాకా ఎవరూ చెప్పరు. తర్వాత వచ్చే గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మే నెలలో నేల రాయిలా ఉంటుంది, అప్పుడే వేసేయాలి

మొదట్లో నేనూ ఇలాగే నమ్మాను. ఒక బాక్స్ క్రికెట్ గ్రౌండ్‌లో మేలో నెర్రెల్లోకి క్రషర్ డస్ట్ (రాతి పొడి) నింపి, రోలర్ తిప్పి, కార్పెట్ పరిచాం. సెప్టెంబరు వచ్చేసరికి నడిమధ్య గుట్టలు లేచాయి, జాయింట్లు విడిపోయాయి, ఓనరు గారు పెట్టిన డబ్బు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. జరిగింది ఏంటంటే, రేగడిలో మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం ఉంటుంది, దాని సన్నటి పొరల మధ్యకి నీళ్లు దూరితే మట్టి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోయి నెర్రెలు బారుతుంది. మనం ఆ నెర్రెల్ని డస్ట్‌తో నింపేశాం కాబట్టి వానకి ఉబ్బిన మట్టికి పక్కకి చోటు లేదు, పైకి లేచింది. చిత్తడిలో రోలర్ దిగబడుతుంది కాబట్టి వానల్లోనూ కుదరదు. కార్తీకం దాటాక, మట్టి పిడికిట్లో పడితే ముద్దవుతూ చేతికి అంటుకోకుండా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

అపోహ: టర్ఫ్‌కి చిల్లులుంటాయి కదా, నీళ్లు వాటంతట అవే పోతాయి

చిల్లులు ఉంటాయి, నీళ్లు కార్పెట్ దాటి దిగుతాయి, నిజమే. దిగి ఎక్కడికి పోతాయి? 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గ్రౌండ్ మీద ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 28 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు అయిదున్నర. తడిసిన రేగడి నీళ్లని కిందకి పోనివ్వదు. మీరు అడుగు లోతు తవ్వి కంకర నింపారంటే భూమిలో ఒక తొట్టి కట్టి దానికి నీళ్లు పట్టినట్టే, ఆ నీళ్లు రోజుల తరబడి మట్టిని నానబెడుతూనే ఉంటాయి.

అందుకే వాలు ముందు తవ్విన మట్టికే ఇవ్వాలి, పైన డస్ట్‌తో సరిచేసుకోవచ్చులే అంటే కుదరదు. నడుమ ఎత్తుగా, రెండు వైపులకీ కనీసం నూటికి ఒకటి వాలు, అంటే 30 అడుగులకి మూడున్నర అంగుళాలు. దాని మీద ఉబ్బని మొరం, 6 అంగుళాలకి మించని పొరలుగా వేసి, తడిపి, ఒక్కో పొరనీ విడిగా రోలర్‌తో తొక్కించాలి. ఆ పైన 20 ఎంఎం మెటల్ (కంకర), దాని మీద పలచగా డస్ట్. నీళ్లు మెటల్‌లోంచి దిగి, గట్టిపడ్డ మొరం మీదుగా జారి, అంచుల్లో పెట్టిన చిల్లుల పైపుల్లోకి రావాలి. ఆ పైపులు బయట డ్రైన్‌లో కలవాలి. ఆ డ్రైన్ గ్రౌండ్ కంటే ఎత్తులో ఉన్న సైట్లు కూడా చూశాను, అక్కడ సంపు కట్టి మోటారు పెట్టడం తప్ప దారి లేదు.

అపోహ: కింద ఇసుక పోస్తే చాలు

పాతకాలం మేస్త్రీలు ఇళ్ల పునాదులకి ఇలా చేసేవాళ్లు, అక్కడి నుంచే ఈ మాట వచ్చింది. ఇసుక నీళ్లని పట్టుకుని కూర్చుంటుంది, నెమ్మదిగా రేగడికి తాగిస్తుంది. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కట్టి గారు కాలవల లైనింగ్ కోసం దీనికి మంచి దారి చూపించారు: ఉబ్బే మట్టి మీద ఉబ్బని, కానీ బంక ఉన్న మట్టి పొర. కాలవలకి ఆ పొర మీటరు దాకా వేస్తారు. టర్ఫ్‌కి అంత ఖర్చు ఎవరూ పెట్టలేరు కానీ, అడుగున్నర, రెండడుగుల మంచి మొరం వేసిన చోట్ల తేడా నా కళ్లతో చూస్తున్నాను.

మొరానికీ రేగడికీ మధ్య పరిచే జియోటెక్స్‌టైల్ (నీళ్లని పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) దండగ అంటారు. అది లేకపోతే నాలుగు వానలకి బురద పైకి ఎక్కి మొరం కిందకి దిగుతుంది. తీసేయకండి.

అపోహ: కాంక్రీట్ పోస్తే ఇక టెన్షన్ ఉండదు

4 అంగుళాల పీసీసీని (ఇనుప కడ్డీలు లేని కాంక్రీట్‌ని) ఉబ్బే రేగడి సులువుగా ఎత్తేస్తుంది, పగలగొడుతుంది. పగులు మీద కార్పెట్ ఉంటే మీకు కనపడదు, పరిగెత్తే కుర్రాడి మడమకి తెలుస్తుంది. నెట్ స్తంభాలదీ ఇదే కథ, రెండడుగుల గుంతలో నిలబెడితే రెండేళ్లలో ఒరుగుతాయి. రేగడిలో ఇళ్లకి అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీట్ పునాది స్తంభాలు) మూడున్నర మీటర్లు దించేది ఎందుకో అర్థం చేసుకుంటే స్తంభాల లోతు దగ్గర బేరం ఆడరు.

అపోహ: టర్ఫ్ కింద నేల ఒకసారి కుదురుకుంటే కదలదు

నడిమి భాగం కొంత కుదురుతుంది, అంచులు కుదరవు. పక్కనే పూలమొక్కల పాదు, ఏసీ నీళ్ల పైపు, చెయ్యి కడుక్కునే కుళాయి, వీటి దగ్గర మట్టి ఉబ్బుతుంది. ఇంకో పక్క వేప చెట్టు వేళ్లు తేమ లాగేస్తే అక్కడ కుంగుతుంది. రెస్టారెంట్లు, ఆఫీసు లాన్లలో మాకు వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఈ అంచులవే. చుట్టూ మూడడుగుల వెడల్పున నీళ్లు దిగని ప్లాట్‌ఫారం వేయించండి.

మీ మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. ల్యాబ్‌లో ఫ్రీ స్వెల్ టెస్ట్ అడగండి. 10 గ్రాముల మెత్తటి ఎండు మట్టిని ఒక గాజు జాడీలో నీళ్లలో, ఇంకో జాడీలో కిరోసిన్‌లో 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో రేగడి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది, ఆ తేడా కిరోసిన్‌లోని మట్టి పరిమాణంలో ఎంత శాతమో లెక్కకడతారు. 50 దాటిందంటే పైన చెప్పిన ఏ పొరా మానేయకండి. గడ్డి కొటేషన్ తీసుకునేముందు ఆ కాగితం కాంట్రాక్టర్ చేతిలో పెట్టండి, మొరం ఎన్ని అంగుళాలు, పైపు ఎక్కడ కలుస్తుంది అన్నది రాసిమ్మనండి.