తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 2 మిల్లీమీటర్లు

గిటార్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాల్ని కలిపి మోగించే పట్టు) దగ్గర ఆగిపోతారు. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పెట్టి ఎంత అదిమినా సగం తీగలు మోగవు, వేళ్లు మాత్రం మండిపోతాయి. తమకు చేతకాదనుకుని గిటార్‌ని అటక మీద పెట్టేస్తారు. ఇది నిజంగా బాధాకరం. ఎందుకంటే చాలాసార్లు లోపం తీగల ఎత్తులో ఉంటుంది. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్లు. ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా ఉండే ఆ ఖాళీని గిటారిస్టులు యాక్షన్ అంటారు.

దాన్ని 12వ ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. స్టీలు తీగల అకూస్టిక్ గిటార్‌కి లావు తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 1.8 ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి 1.6 దరిదాపుల్లో చాలు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి 3 నుంచి 4 కావాలి. నైలాన్ తీగలో బిగువు తక్కువ, అందుకని ఊపు ఎక్కువ. ఊగడానికి చోటు చాలకపోతే తీగ ముందున్న ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. అదే బజ్.

తంబురాలో ఇలాంటి తగులుడునే మనవాళ్లు కోరి తెప్పించుకుంటారు. తీగల్ని మోసే బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు పెట్టి, తీగ ఆనీ ఆననట్టు ఉండే చోటు దొరికేదాకా దాన్ని జరుపుతారు. అప్పుడు నాదం నిండుగా విచ్చుకుంటుంది. సి.వి.రామన్ 1921లోనే ఈ విషయం మీద పరిశోధన పత్రం రాశారు.

ఎత్తు ఎక్కువైతే నొప్పితో పాటు శ్రుతి కూడా చెడుతుంది. 650 మిల్లీమీటర్ల తీగని 12వ ఫ్రెట్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు కిందికి నొక్కితే అది సాగేది మిల్లీమీటరులో 50వ వంతు కూడా ఉండదు. కానీ స్టీలు అంత సులువుగా సాగే లోహం కాదు. ఆ కాస్తకే బిగువు పెరిగి స్వరం పైకి జరుగుతుంది. పైగా ఎత్తు రెట్టింపైతే సాగుదల 4 రెట్లవుతుంది. ట్యూనర్‌లో వేలు పెట్టని ఖాళీ తీగలన్నీ సరిగ్గా పలికి, కార్డ్ పట్టగానే అపస్వరం వినిపిస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

సరిచేయడం నెక్‌తో, అంటే గిటార్ మెడతో, మొదలుపెట్టాలి. తాడాటలో తాడులాగే తీగ కూడా మధ్యలో ఎక్కువ ఊగుతుంది, కాబట్టి నెక్‌కి మధ్యలో రవ్వంత పల్లం ఉండాలి. లావు తీగని 1వ, 14వ ఫ్రెట్ల దగ్గర నొక్కి పట్టి 7వ ఫ్రెట్ మీద చూడండి. పావు మిల్లీమీటరు సందు కనిపిస్తే చాలు. ఈ వంపును సరిచేసేది నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ. గిబ్సన్ కంపెనీ 1920ల్లో తెచ్చిన ఏర్పాటు ఇది. తీగలు దించడానికి దీన్నే తిప్పేస్తుంటారు, అది తప్పు.

తర్వాత నట్, అంటే నెక్ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ. తీగని 3వ ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు 1వ ఫ్రెట్ మీద వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. అంతకన్నా చాలా ఎక్కువ ఖాళీ ఉంటే ఎఫ్ కార్డ్ కష్టం అక్కడిదే. నట్ గాళ్లు లోతు చేయడానికి సన్న ఆకురాళ్లు, అనుభవం రెండూ కావాలి. తెలిసినవాళ్లకే ఇవ్వండి.

చివరగా శాడిల్, అంటే రెండో కొసన బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగున 1 మిల్లీమీటరు అరగదీయాలి. పెన్సిల్‌తో గీత గీసి, గరుకు కాగితాన్ని అద్దం మీద పరిచి, అడుగు సమంగా ఉండేలా రుద్దాలి.

అయితే కాలం చూసుకోండి. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖలాంటి తీరప్రాంతాల్లో, చెక్క తేమ పీల్చి గిటార్ పై పలక ఉబ్బుతుంది, తీగలు లేస్తాయి. అప్పుడు అరగదీసిన శాడిల్ ఎండాకాలం ఏసీ గదిలో పలక కుంగగానే బజ్ తెస్తుంది. అందుకే పాత శాడిల్‌ని దాచిపెట్టి, కొత్తది కొని దాని మీద పని చేయడం మేలు.