పచ్చి చేప పురుగుకి ఒక్క డోసు చాలా?

పచ్చి చేప తిన్నవాళ్ల చర్మం కింద తిరిగే నాథోస్టోమా అనే పురుగు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఒక్క డోసు చాలని కొందరు, మూడు వారాలు ఆల్బెండజోల్ అనే మరో పురుగుల మందు మింగాల్సిందేనని కొందరు. పురుగుని ఎవరు కనిపెట్టారు, మొదట ఏ జంతువులో దొరికింది అనే పాత సంగతులు పక్కన పెడదాం. ఈ గొడవంతా అర్థం కావాలంటే 1992లో థాయ్‌లాండ్ డాక్టర్లు ప్రచురించిన పరీక్షలు చూడాలి.

అక్కడ కొరమీను లాంటి మంచినీటి చేపల్ని పులియబెట్టి ఉడికించకుండానే తినే అలవాటు ఉంది. (మనం కొరమీనుని పులుసులో బాగా ఉడికిస్తాం, ఆ వేడికి పురుగు చస్తుంది. నిమ్మరసం పిండినంత మాత్రాన చావదు.) ఆ చేపలో ఉండే నాథోస్టోమా పిల్ల పురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. పిల్లి, కుక్క కడుపులో పెద్దదవుతుంది గానీ మనిషిలో ఎదగలేదు, దారి తెలియక తిరుగుతూనే ఉంటుంది. ఇవాళ మోచేతి దగ్గర ఎర్రగా, దురదగా వాస్తుంది, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, కొన్ని వారాలాగి భుజం మీదో పొట్ట మీదో మళ్లీ లేస్తుంది. మందుని పరీక్షించేవాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. మాత్ర వేసినా వాపు తగ్గుతుంది, వేయకపోయినా తగ్గుతుంది. పురుగు గుడ్లు పెట్టదు కాబట్టి మల పరీక్షలోనూ ఏమీ దొరకదు.

మన బడుల్లో నులిపురుగుల దినం రోజు పిల్లలకి ఒక్కటిచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రే, రోజుకి రెండు చొప్పున 21 రోజులు ఇచ్చి చూశారు. కొందరిలో పురుగు చర్మం పైపొరలోకి వచ్చేసింది. మొటిమంత బొడిపె, దాన్ని సూదితో గుచ్చి తీస్తే తల చుట్టూ నాలుగు వరసల కొక్కేలతో పురుగు! అప్పటిదాకా రోగి మాట మీద, వాపు మీద ఆధారపడిన డాక్టర్లకి మందు పురుగుని కదిలిస్తోందని కళ్లారా కనిపించింది. నా దృష్టిలో మలుపు ఇదే.

ఐవర్‌మెక్టిన్ వైపు ఆధారాలు లేవని కాదు. 2000లో రెండు మందుల్నీ పోల్చి చూస్తే ఇంచుమించు ఒకే ఫలితం, రెండిట్లోనూ తొంభై శాతం పైగా రోగులకి నయమైంది. కానీ ఆ పరీక్షలో ఉన్నది కొద్దిమందే, అందరూ చర్మం వాపుతో వచ్చినవాళ్లే. కంట్లోకి దూరితే పురుగుని ఆపరేషన్ చేసి తీయాలి. పైగా మందు ఇచ్చాక అక్కడి డాక్టర్లు వాపు తిరగబెడుతుందేమోనని నెలల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు, రెండు మందుల్లోనూ కొందరికి తిరగబెట్టింది. "ఒక్క డోసుతో వారంలో పోయింది" అని చెప్పేవాళ్లు ఈ ముక్క వదిలేస్తున్నారు. ఆ వాపు వారంలో ఎలాగూ పోయేదే.