గేటు దాకా వచ్చి ఆగిన పెట్టుబడి

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు స్లాబ్ వేసే రోజు ఏదైనా సైటు గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ప్లాంటులో కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ బండ్లు వరసగా ఆగి డ్రమ్ములు తిప్పుతూ ఉంటాయి. ప్లాంటులో నింపిన కాంక్రీటును రెండు గంటల్లోపు దించేయాలని రెడీమిక్స్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 చెబుతోంది. ఆ టైములో కొంత దారిలోనే ట్రాఫిక్ తినేస్తుంది. పైన పంపు జామైనా, రాడ్ బెండింగ్ వాళ్ల పని ఇంకా తెమలకపోయినా కింద బండి కదలదు. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఆగింది అన్న లెక్క చాలా చోట్ల సెక్యూరిటీ గార్డు రిజిస్టరులో ఉంటుంది, లేదంటే సూపర్‌వైజర్ల వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ప్రపంచానికంతా సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఊళ్లో ఈ పరిస్థితి ఎందుకుందో, టెక్నాలజీ మీద పెట్టే డబ్బు సైటు గేటు ఎందుకు దాటలేదో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

మన దగ్గర నిర్మాణం చాలాకాలం మనిషి రెక్కల మీదే నడిచింది. డ్యాములు కట్టినా, కాలువలు తవ్వినా పాలమూరు లేబర్ పేరే వినిపించేది. గుంపు మేస్త్రి ఊళ్లో అడ్వాన్సులిచ్చి మనుషులను తీసుకెళ్లేవాడు. పని చాలావరకు గుత్తకే. సిమెంటు రాక పని ఆగితే ఆ పూట నష్టపోయేది కూలీ, ఆ తర్వాత మేస్త్రి. చెక్కు మీద సంతకం పెట్టేవాడి జేబుకు వెంటనే చిల్లు పడేది కాదు. నా దృష్టిలో అసలు సమస్య ఇదే. వృథా అయిన గంటకు పైవాడు డబ్బు కట్టనప్పుడు, ఆ గంటను మిగిల్చే పరికరం కొనాలని అతనికెందుకు అనిపిస్తుంది?

1998లో సైబర్ టవర్స్ వచ్చింది. నిర్మాణ పనుల్లో శిక్షణ ఇచ్చే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ కూడా అదే ఏడాది మన నగరంలోనే మొదలైంది. 2006లో జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. ఎత్తు పెరిగిన కొద్దీ సైటు స్వభావమే మారిపోయింది. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో ఇటుకలు తలమీద మోసి పైకి చేర్చవచ్చు. నలభై అంతస్తులకు అది కుదరదు. ఒక టవర్ క్రేన్, ఒకటో రెండో హాయిస్టులు (సామాను, మనుషులను పైకి చేర్చే లిఫ్టులు) ఉంటాయి. స్టీలు, సెంట్రింగ్ షీట్లు, ప్లంబింగ్ పైపులు, మనుషులు అన్నీ వాటికోసమే కాచుకోవాలి. పొద్దున హాయిస్టు దగ్గర క్యూ చూస్తే చాలు, ఆ రోజు పని ఎంతవుతుందో చెప్పేయొచ్చు. పగటిపూట భారీ వాహనాల మీద ఆంక్షలున్నాయి కాబట్టి టిప్పర్లు రాత్రే వస్తాయి. రాత్రి దింపిన కంకరను ఎక్కడ పోయించాలో ముందే అనుకోకపోతే, పొద్దున్నే దాన్నే మళ్లీ ఇంకో మూలకు ఎత్తిపోయాలి.

ఇవన్నీ ముందే లెక్కవేసుకుని చేయలేమా అంటే, మెట్రో చేసి చూపించింది. పట్టాలను మోసే వంతెన (వయాడక్ట్) ముక్కలను ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసి, ట్రెయిలర్ల మీద తెచ్చి, నడిరోడ్డు మీద ట్రాఫిక్ సాగుతుండగానే పైకెత్తి కూర్చారు. రైళ్లు 2017 నవంబరులో మొదలయ్యాయి, 2020 ఫిబ్రవరికి మెట్రో మూడు కారిడార్లలో 69 కిలోమీటర్ల దాకా వచ్చింది. కానీ అది పెద్ద కంపెనీ, పెద్ద కాంట్రాక్టు. ఆ క్రమశిక్షణ మామూలు బిల్డరు సైటు దాకా దిగిరాలేదు.

బయట పెట్టుబడిదారుల ఆలోచన మారింది 2015 తర్వాతే. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ ఉత్పాదకత రెండు దశాబ్దాల్లో సగటున ఏడాదికి 2.8 శాతం పెరిగితే, నిర్మాణ రంగంలో అది 1 శాతమేనని 2017లో కన్సల్టింగ్ సంస్థ మెకిన్సీ లెక్క చెప్పింది. డ్రాయింగులను ట్యాబ్‌లోకి తెచ్చిన ప్లాన్‌గ్రిడ్‌ను 2018లో డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆటోడెస్క్ 87.5 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది మొదట్లో జపాన్ పెట్టుబడి సంస్థ సాఫ్ట్‌బ్యాంక్ నేతృత్వంలో అమెరికా నిర్మాణ స్టార్టప్ క్యాటెరాకు 86.5 కోట్ల డాలర్లు వచ్చాయి. డిజైన్ నుంచి ఫ్యాక్టరీ దాకా, సైటు దాకా అన్నీ తానే చేస్తానంది ఆ కంపెనీ. మన పక్కనే తమిళనాడు కృష్ణగిరిలో ఫ్యాక్టరీ ఉన్న కేఈఎఫ్ ఇన్‌ఫ్రాను కూడా కలుపుకుంది. చివరికి క్యాటెరా 2021 జూన్‌లో మూతపడింది. ఆ దెబ్బ ఇన్వెస్టర్లకు చాలాకాలం గుర్తుంది.

మన దేశంలో డబ్బు వేరే దారి పట్టింది. 2021లో యూనికార్న్‌లైన (వంద కోట్ల డాలర్ల విలువ దాటిన) ఇన్‌ఫ్రా.మార్కెట్, ఆఫ్‌బిజినెస్ రెండూ ముఖ్యంగా మెటీరియల్ సరఫరా, దానికి అప్పు చుట్టూ ఎదిగినవే. ఇందులో తప్పేం లేదు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని కాంట్రాక్టరుకు ముందు కావలసింది ఉద్దెర. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టంలోనే ఉన్నా, దాన్ని ఆదాయపన్నుతో ముడిపెట్టి గట్టిగా అమలు చేయాలనుకున్నది 2023లోనే. ప్రభుత్వ టెక్నాలజీ కూడా గేటు బయటే పనిచేసింది. 2020లో తెలంగాణ భవన అనుమతుల ఆన్‌లైన్ విధానం టీఎస్-బీపాస్ వచ్చాక చిన్న ఇళ్లకు ఆన్‌లైన్‌లోనే వెంటనే అనుమతి దొరికింది. ఆ అనుమతి కాగితం చేతికొచ్చాక సైటులో మళ్లీ పాత నోటుపుస్తకమే.

లాక్‌డౌన్‌లో ఈ లోటు ఎంత పెద్దదో అందరికీ కనిపించింది. 2020 మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు (వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే ప్రత్యేక రైలు) లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయల్దేరింది. మనుషులు దొరుకుతూనే ఉంటారన్న ధీమా మీద నడిచిన సైట్లు నెలల తరబడి తెమల్లేదు. తిరిగొచ్చినవాళ్లలో ఎవరు ఏ పని చేయగలరో, ఎవరికి ఎంత బాకీ ఉందో చెప్పగలిగేది మేస్త్రి ఒక్కడే.

ఇప్పుడు కాస్త ఆశ కలిగిస్తున్నది రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. పని ఎంత జరిగిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరిస్తేనే అందులోంచి తీయాలి. అంటే పని ఆలస్యమైతే బిల్డరు చేతికి నగదు రావడమూ ఆలస్యమవుతుంది. ఆగిన గంట ఖర్చు మొదటిసారి పైదాకా వెళుతోంది. స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్‌కు వచ్చే కుర్రాళ్లు మెటీరియల్ ట్రాకింగ్, డ్రోన్ సర్వేలు, హాజరు యాప్‌లు అంటూ ఆలోచనలు తెస్తే, వాటికి డబ్బు పెట్టేవాళ్లు ముందుగా అడగాల్సినది యాప్ ఎంత బాగుందని కాదు. బండి గంటసేపు గేటు దగ్గర ఆగితే ఆ డబ్బు ఎవరు కడతారని కాంట్రాక్టులో రాసుందో అడగాలి. హాజరు యాప్ అయితే ఇంకొకటి అడగాలి: ఆ హాజరు కూలీ ఫోనులోనూ కనిపిస్తుందా, లేక ఆఫీసులోనేనా?