బాంబు విసరని చెయ్యి: రాజకీయ హింసపై పాత వాదన

1905 ఫిబ్రవరి, మాస్కో. రష్యా జార్ (చక్రవర్తి) బాబాయి గ్రాండ్ డ్యూక్ సెర్గెయ్ గుర్రబ్బండి కోసం విప్లవకారుడు ఇవాన్ కల్యాయెవ్ బాంబుతో కాచుకుని ఉన్నాడు. బండి దగ్గరికొచ్చింది. లోపల డ్యూక్‌తో పాటు ఆయన భార్య, తమ్ముడి పిల్లలిద్దరు కనిపించారు. కల్యాయెవ్ చెయ్యి ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత పిల్లలు లేనప్పుడు డ్యూక్‌ను చంపి, ఉరికంబం ఎక్కాడు. హింసకూ హద్దు ఉందనడానికి ఈ కథనే ఉదాహరణగా చెబుతారు. కానీ ఆ పేలుడులో గాయపడి బండి తోలేవాడు కూడా చనిపోయాడు. అతని ఊసు ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం ఈ చర్చ మొత్తం అతని దగ్గరే మొదలవుతుంది.

పాలకుడు నమ్మకద్రోహం చేస్తే ఎదురు తిరిగే హక్కు ప్రజలకు ఉంటుందని 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ రాశాడు. ఆ హక్కు ఎక్కడిదాకా అన్నదే అసలు చిక్కు. 1881 మార్చిలో రష్యా జార్ రెండో అలెగ్జాండర్‌ను చంపిన ‘నరోద్నయా వోల్యా’ అనే రహస్య విప్లవ సంస్థే, అదే ఏడాది అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ హత్యను ఖండించింది. ప్రజలు స్వేచ్ఛగా పాలకుల్ని ఎన్నుకునే చోట ఆయుధానికి పని లేదన్నది వాళ్ల వాదన. ఆ తేడా సరైనదే. అయితే జార్ హత్యతో వాళ్లకు స్వేచ్ఛ రాలేదు. చనిపోయిన రోజు పొద్దునే ఆయన ఒప్పుకున్న సంస్కరణల ప్రతిపాదనను కొడుకు పక్కన పెట్టేశాడు, అణచివేత పెరిగింది.

దారులన్నీ మూసేస్తే ఏం చేయాలన్న ప్రశ్న తెల్లవాళ్ల పాలనలోని దక్షిణాఫ్రికాలో నల్లజాతివాళ్లకు ఇంకా గట్టిగా ఎదురైంది. 1912లో పుట్టిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ దాదాపు యాభై ఏళ్లు అర్జీలు, సమ్మెలు, శాంతియుత నిరసనలతోనే నడిచింది. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలను (నల్లజాతివాళ్లు అనుమతి పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలనే చట్టాలను) వ్యతిరేకించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 69 మంది చనిపోయారు. కొద్ది రోజులకే కాంగ్రెస్‌ను నిషేధించారు. 1961 డిసెంబర్‌లో దాని సాయుధ విభాగం పని మొదలుపెట్టింది. ప్రాణనష్టం లేకుండా కరెంటు టవర్లు, ప్రభుత్వ భవనాల మీద విధ్వంసానికే పరిమితమవ్వాలనుకున్నామని 1964లో నెల్సన్ మండేలా కోర్టులో వివరించారు. చేతికి ఓటు లేదు, నోరు విప్పితే జైలు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఆ హద్దు నిలవలేదు. 1983 మే 20న ప్రిటోరియాలో వైమానిక దళ కార్యాలయం ఎదుట ఆ సాయుధ విభాగం పెట్టిన కారు బాంబు పేలి 19 మంది చనిపోయారు. రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. వాళ్లలో దారిన పోయేవాళ్లూ ఉన్నారు. అంటే, ఆ బండి తోలేవాడి లాంటివాళ్లే.

జాతివివక్ష పాలన పోయాక ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్ రెండు పక్షాల చర్యల్నీ విచారించింది. విముక్తి పోరాటం న్యాయమైనదే అయినా, అందులో జరిగిన ఇలాంటి దాడులు మానవ హక్కుల ఉల్లంఘనేనని తేల్చింది. 1998 అక్టోబర్‌లో ఆ నివేదిక బయటికి రాకుండా ఆపాలని, అప్పటికి అధికారంలో ఉన్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కోర్టుకెక్కింది. కోర్టు ఒప్పుకోలేదు. సొంత పార్టీని తప్పుపట్టిన ఆ నివేదికను అదే రోజు అధ్యక్షుడి హోదాలో మండేలా స్వీకరించారు.